అగ్గిపుల్ల కింద గొంతు

మా అన్న అనంతపద్మనాభం హార్మోనియం వాయించేవాళ్ళు చేసే పనే చేశాడు. కీబోర్డు మీద షడ్జమం మెట్టు నొక్కి, అది పైకి లేవకుండా పక్క సందులో ఒక అగ్గిపుల్ల దోపాడు. మెట్టు కిందనే నిలిచిపోయింది. పెట్టెలోంచి గులాబ్‌బీ గొంతు వచ్చింది.

"ఆ" అని ఒక్కటే అక్షరం. మాట లేదు, పాట లేదు. ఎవరో తలుపు ఓరగా వేసి పోతే గదిలో సన్నగా మిగిలే వెలుతురులాంటి గొంతు. ఆ గొంతు గల మనిషి ఎండాకాలం మొదట్లో పోయింది.

బతికున్నన్నాళ్ళూ మా జమ్మలమడుగు భజన బృందానికి శ్రుతి ఆమే. మా వీధి చివర పరుపులు కుట్టే ఇంటి కోడలు. పాట ఎప్పుడూ పాడేది కాదు. "పాట నాకాడ నిలవదక్కా. ఒక్కచోట కూసోమంటే కూసుంటా" అనేది. మేమంతా పైకీ కిందికీ తిరుగుతూ ఉంటే ఆమె కళ్ళు సగం మూసి "ఆ" అని పట్టి ఉంచేది. ఎవరు ఎక్కడ దారి తప్పినా తిరిగి వచ్చేందుకు ఆ ఇల్లు ఉండేది.

ఆ పెట్టె మామూలు కీబోర్డు కాదు. మైకులో పాడిన గొంతును పట్టుకుని, ఏ మెట్టు నొక్కితే ఆ స్థాయిలో అదే గొంతును పలికిస్తుంది. దాన్ని శాంప్లర్ అంటారట. ప్రొద్దుటూరులో ఒక ఆర్కెస్ట్రా పార్టీ మూతబడినప్పుడు అన్న కొని తెచ్చాడు. చాలా పాతది. కరెంటు తీస్తే ఉన్నదంతా మరిచిపోతుంది. మళ్ళీ పెట్టినప్పుడు నల్లటి ఫ్లాపీ ఒకటి నోట్లో పెట్టాలి. గరగరమని లోపల కాసేపు వెతుక్కుని అప్పుడు జ్ఞాపకం తెచ్చుకుంటుంది. ఆ కాసేపూ నేను కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడతాను. ఈసారి జ్ఞాపకం రాదేమోనని.

ఆమె ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం అన్న తమాషాకి గులాబ్‌బీ ముందు మైకు పెట్టాడు.

"ఏం పాడాల అయ్యవారూ?"

"పాడొద్దు. నీ పని నువ్వు చెయ్యి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తీసింది. "ఆ" అంది. అంతే, రెండు మూడు క్షణాల గొంతు. పెట్టె దాన్నే అతుకు తెలియకుండా తిప్పుకుంటూ ఎంతసేపైనా పలికిస్తుంది. అప్పుడు మేమంతా నవ్వి మరిచిపోయాం. మనిషి ఎదురుగా ఉండగా పెట్టెలో గొంతు ఎవరికి కావాలి.

పులివెందుల దాటి గండికి పోయే దారిలో ఒక పల్లె ఉంది. అక్కడ ఆంజనేయస్వామి గుడిలో శ్రావణ శనివారం ఏకాహం చేస్తారు. పొద్దున మొదలైన నామం మర్నాడు పొద్దుటి దాకా ఆగకూడదు. ఒక బృందం దిగేలోగా ఇంకొకటి అందుకోవాలి. నామంతో పాటు శ్రుతి కూడా తెగకూడదని ఆ గుడి కట్టడి. ఈ ఏడు మా వంతు వచ్చినప్పుడు శ్రుతి తానే పడతానని గులాబ్‌బీ మొక్కుకుంది. దర్గాకు పోయినట్టే ఆమె గండి ఆంజనేయస్వామి దగ్గరికీ పోయేది. ఆ మొక్కు తీరకుండానే పోయింది. దాన్ని ఆమె గొంతుతోనే తీర్చాలని నేను పట్టుబట్టాను. అందుకే అన్న అటక మీది పెట్టె దించి, ఎడమ వైపు మెట్లకు ఆమె గొంతూ మిగతావాటికి హార్మోనియం శబ్దమూ పెట్టి, అగ్గిపుల్ల దోపాడు.

ఆ రోజు మా ఇంట్లో సాధన. పాట ఊపందుకుంది. నేను కళ్ళు మూసుకుని ఆ గొంతులో కూర్చున్నాను. ఉన్నట్టుండి కూర్చున్న చోటు లేకుండా పోయింది.

గొంతు లేదు. సన్నగిల్లి పోలేదు, చెప్పి పోలేదు. కళ్ళు తెరిచి చూస్తే అగ్గిపుల్ల అట్లాగే ఉంది, మెట్టు కిందనే ఉంది. అన్న వాయిస్తూనే ఉన్నాడు, తాళాలు మోగుతూనే ఉన్నాయి. ఆమె ఒక్కతే లేదు. మా అమ్మ పోయినప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. మా ఆయన పోయినప్పుడు పక్కింటి రేడియోలో బజారు ధరలు చెప్తున్నారు. ఎవరూ ఆపలేదు.

మా బృందానికి పెద్ద వనజమ్మ. భూములున్న ఇంటి మనిషి. బండి మాట్లాడేదీ, ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేదీ ఆమే. తాళాలు ఒళ్ళో పెట్టుకుని అన్న వైపు తిరిగింది.

"ఏంది అయ్యవారూ, మీ పెట్టె నడిమధ్యలో నోరు మూసుకునె?"

"దానికీ వయసైందమ్మా."

"వయసైతే ఇంట్లో కూసోబెట్టండి. ఏకాహంలో ఇట్టా చేస్తే ఆ పల్లెవాళ్ళు మనల్ని ఇంగ గడప తొక్కనిస్తారా? ఫోన్లో తంబూర పెట్టుకుంటే పోలా?"

"అది గులాబ్‌బీ మొక్కు, వనజా" అన్నాను.

"నాకు తెల్దా అక్కా? నేనేమన్నా కాదంటినా? శనివారం లోపల బాగు చేపిచ్చుకోండి. లేదంటే ఫోనే."

ఆమె మాట అంతే. కోపం ఉండదు, వెనక్కి తీసుకోవడమూ ఉండదు.

మర్నాడు పెట్టెను దుప్పట్లో చుట్టి ప్రొద్దుటూరు బస్సులో సీటు మీద పడుకోబెట్టాం. కండక్టరు వంగి చూశాడు.

"ఎవుర్ని సామీ, ముసుగేసి పండబెట్నారు?"

"మనిషే అప్పా. గొంతు మటుకే ఉండాది" అన్నాడు అన్న.

"అయితే అర టికెట్టు తీసుకో."

అన్న నవ్వాడు. నేను దుప్పటి అంచు గట్టిగా పట్టుకున్నాను.

బంగారు అంగళ్ళ వెనక సందులో ఖాదర్ అంగడి. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించినవాడు. ఇప్పుడు ఆంప్లిఫైయర్లూ మైకులూ బాగు చేస్తాడు. చేతికన్నా మాట ముందు నడుస్తుంది. మేము సగం చెప్పేలోగానే మూత విప్పాడు.

"కాంటాక్టులు సారూ. మెట్ల కింద రబ్బరు ఉంటాది, దానికి మన్ను పట్టిండాది. ఇది నేను కండ్లు మూసుకుని చెప్తా."

దూదికి స్పిరిట్ తడిపి ఒక్కొక్క మెట్టు కిందా తుడిచాడు. వెనక వైరు దోపే చోట కూడా వదులుగా ఉందని మళ్ళీ అతికించాడు. కరెంటు పెట్టాడు. ఫ్లాపీ గరగరమంది. ఎడమ చేతి వేలితో షడ్జమం పట్టి, కుడి చేత్తో ఏదో పెళ్ళి పాట వాయించాడు. గులాబ్‌బీ కదలకుండా కూర్చుంది.

"చూడు పెద్దమ్మా, యాడికీ పోదు."

ఇంటికి వచ్చాం. అన్న అగ్గిపుల్ల దోపి పాట ఎత్తుకున్నాడు. రెండో చరణం దగ్గర పోయింది.

మళ్ళీ ప్రొద్దుటూరు. ఈసారి లోపలి చిప్పులు వేడికి వదులైనాయని ఖాదర్ వాటిని బొటనవేలితో అదిమాడు. అతని ముందు గొంతు నిలిచింది. ఇంటికి వచ్చాక పోయింది. తిరిగి తీసుకుపోతే, దాన్ని ఫోన్లోకి ఎక్కించి చూశాడు. ఫోన్లో గొంతు వచ్చింది గాని, చివరా మొదలూ కలిసే చోట గోడ గడియారంలా టక్కు టక్కుమంటోంది.

"ఇది బాగాలేదు నాయనా" అన్నాను.

"నాకూ నచ్చలే పెద్దమ్మా. కానీ మిషన్‌లో జబ్బు నాకు కనపడ్లే. నా ముందర ఒగ తడవన్నా నోరు మూస్కోలేదే."

అదే నన్ను తినేసింది. పరాయివాడి ముందు ఉంటుంది, మా ఇంట్లో ఉండదు. ఆ సాయంత్రం పెట్టె ముందు దీపం పెట్టబోతే అన్న విసుక్కున్నాడు.

"రత్నా, అది మిషను. దానికి అలకలుండవు."

"అయితే మనింట్లోనే ఎందుకు పోతాది?"



ఏకాహం రెండు రోజులుందనగా ఇంకోసారి బయలుదేరాం. ఉక్కగా ఉంది. కిటికీలోంచి ఇంకా విత్తని శనగ చేల మీద ఎండ తెల్లగా ఊగుతోంది. పెట్టె మీద తల ఆనించి ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

అదే బస్సు. ముందు సీట్లో గులాబ్‌బీ ఒక్కతే కూర్చుని ఉంది, ఒళ్ళో దూది మూటతో. బస్సు ఆగింది. గంపతో ఒకామె ఎక్కింది. గులాబ్‌బీ కొంచెం జరిగింది. మళ్ళీ ఆగింది. చంటిబిడ్డతో ఒకామె. గులాబ్‌బీ ఇంకొంచెం జరిగింది. ఆగిన చోటల్లా ఎవరో ఎక్కుతున్నారు. నాకు వాళ్ళ ముఖాలన్నీ తెలిసినట్టే ఉన్నాయి, పేర్లు రావడం లేదు. బస్సు నిండింది. ఇంకొకామె మెట్టు మీద కాలు పెట్టింది. ఎవరూ ఎవరినీ లెమ్మనలేదు. అందరికన్నా ముందు ఎక్కిన గులాబ్‌బీ లేచి, మూట చంకన పెట్టుకుని, వెనక తలుపులోంచి దిగిపోయింది. నేను పిలవబోయాను. కండక్టరు నా చెవి దగ్గర అంటున్నాడు: ఎక్కినోళ్ళు ఒకరూ దిగకుంటే ఎట్లమ్మా?

మెలకువ వచ్చింది. పక్కన అన్న కిటికీ వైపు చూస్తూ ఏదో పద్యం కూనిరాగం తీస్తున్నాడు. ఆయన కుడి కాలు బస్సు నేల మీద ఆగకుండా లేస్తూ పడుతూ ఉంది.

"అన్నా, నీ కాలు ఏం చేస్తాండాది?"

"ఏ కాలు?"

ఆయనకు తెలియనే తెలియదు. బడిపంతులు ఉద్యోగం రాకముందు అన్న పద్య నాటకాలకు కాలితో తొక్కే హార్మోనియం వాయించేవాడు. చేతులు మెట్ల మీద, కాలు తిత్తి మీద. తొక్కడం ఆగితే గాలి ఆగుతుంది, గాలి ఆగితే పద్యం ఆగుతుంది. ఆ రోజుల నుంచీ చెయ్యి పాటలో ఉంటే కాలు ఊరుకోదు. మా ఇంట్లో పెట్టె కింద కూడా ఒక పెడలు ఉంది. పెట్టెతో పాటే వచ్చింది. అది నేల మీదే పడి ఉంటుంది కాబట్టి మేము ఒక్కసారీ దాన్ని దుప్పట్లో చుట్టలేదు.

అంగట్లో అడుగు పెడుతూనే అడిగాను.

"ఖాదర్, నీ దగ్గర కాలితో తొక్కే పెడలు ఉందా?"

"పెడలా? మీకాడ పెడలు ఉండాదా? చెప్పలేదే సారూ."

"నువ్వు అడగలేదే" అన్నాడు అన్న.

ఖాదర్ మూలనుంచి ఒకటి వెతికి తెచ్చి తగిలించాడు. అన్నను వాయించమన్నాడు. అన్న జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్ల విరిచి, మెట్టు సందులో దోపి, మొదలుపెట్టాడు. కాలు తొక్కుతోంది. కొంచెం సేపటికి గులాబ్‌బీ వెళ్ళిపోయింది.

ఖాదర్ పుల్లను చూశాడు. వంగి కాలిని చూశాడు. స్టూలు మీద కూలబడి భుజాలు ఎగిరేట్టు నవ్వాడు.

"సారూ, కీబోర్డుకు యాడన్నా పుల్ల పెడతారా?"

"హార్మోనియంకు పెట్టమా?"

"అది గాలి సారూ. తొక్కేకొద్దీ ఎన్ని మెట్లన్నా పలుకుతాయి. ఇది పాత మిషను, దీనికాడ ఒక్కసారికి ఉండేది ఎనిమిది గొంతులే. పెడలు తొక్కినారంటే మీరు వేలు తీసినా స్వరం పోదు, నిలబడే ఉంటాది. అట్టా ఒకటి మీద ఒకటి నిండిపోతాయి. తొమ్మిదోది రావాలంటే ఒకటి పోవాల. ఇది మొట్టమొదట వచ్చిందాన్నే పంపిస్తాది."

"ముందొచ్చినదాన్నా?" అన్నాను.

"ముందొచ్చినదాన్నే పెద్దమ్మా. మిషనుకు మర్యాద తెల్దు. సారు పుల్ల పెట్టినది అన్నిటికన్నా ముందుది గదా." మళ్ళీ నవ్వాడు. "నేను చూడు, మూడు తడవలు విప్పితి. జబ్బు మిషనుది కాదు, కాలిది."

అన్న చిన్నబుచ్చుకుని అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. నేను ఆ ఎనిమిది గొంతుల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. మనిషి లోపలా అంతేనేమో. ఎక్కువ మందికి చోటు లేదు. అడగకుండానే ఎవరో ఒకరు లేచి పోతుంటారు.

"పెడలు తీసేయండి, సరిపోతాది" అన్నాడు ఖాదర్. "అయినా సారు ఉత్సాహంలో రెండు చేతులూ నిండుగా ఏస్తే ఎప్పుడన్నా పోవచ్చు. పోతే పుల్ల అట్లే పెట్టుకుని చూస్తాంటే రాదు. మెట్టు ఇడిసి మళ్ళా నొక్కాల."

ఇంటికి వచ్చి పెడలు తీసేశాం. అన్నకు చెయ్యి ఆడలేదు. రాగం తడబడింది, తాళం తప్పింది. వనజమ్మ ముఖం చిట్లించింది. చివరికి పెడలు మళ్ళీ కాలి కింద పెట్టి, దాని వైరు మాత్రం పీకేశాను. కాలికి పెడలు దొరికింది, చేతికి ప్రాణం వచ్చింది. గులాబ్‌బీ పాట మొదటి నుంచి చివరి దాకా కూర్చుంది.

"వైరు లేని పెడలు తొక్కేదేంది అయ్యవారూ?" అంది వనజమ్మ.

"నువ్వు బండి ఎనక సీట్లో కూసుని కాలితో బ్రేకు తొక్కవా? అట్లే."

వనజమ్మ ఫోను మాట ఎత్తలేదు. కానీ శనివారం బండి ఎక్కేటప్పుడు ఫోన్లో చార్జింగు చూసుకోవడం నేను చూశాను.

మా వంతు మధ్యాహ్నం. కొండ సందులోంచి పాపఘ్ని ఏటి మీది గాలి వస్తోంది. ఫ్లాపీ గరగరమన్నంతసేపూ తెర మీది ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను, వేరే ఆలోచన రాకుండా. జ్ఞాపకం వచ్చింది. అన్న పుల్ల దోపాడు. ముందు బృందం వాళ్ళ నామం మా చేతికి అందింది.

గుడి మీది మైకుల్లోంచి గులాబ్‌బీ చేల మీదికి పోయింది. వేరుశనగలో కలుపు తీసేవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. గొర్రెలు నడుస్తూనే ఉన్నాయి. కళ్ళు మూస్తే ఎండ ఎర్రగా, గొంతు దానిలో నీళ్ళలా. నేను పాడుతున్నానో నిద్రలో ఉన్నానో తెలియని స్థితి. నామం చుట్టూ తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది.

డోలక్ వేగం పెంచింది. తాళాలు పెంచాయి. అన్న ఒళ్ళు మరిచిపోయాడు. ఎప్పుడో నాటకాల్లో వేసినట్టు రెండు చేతులూ పరిచి వేశాడు.

ఆమె పోయింది.

వనజమ్మ నా వైపు చూసింది. ఆమె చెయ్యి ఫోను మీదికి పోతుందనుకున్నాను. పోలేదు. తాళాలు కింద పెట్టి, మెడ చాచి, తన మోటు గొంతుతో "ఆ" అని పట్టింది. వణికే గొంతు, కొంచెం పక్కకు జరిగిన గొంతు. కానీ తెగలేదు. కళ్ళతోనే నాకు సైగ చేసింది: ఊఁ, కానీ.

నేను జరిగి అన్న పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. పుల్ల లాగేశాను. మెట్టు లేచింది. వేలితో నొక్కాను.

మొదట ఒక చిన్న చప్పుడు వినిపించింది. పెదాలు విడివడే చప్పుడు. దాని వెనకనే గొంతు. పుల్ల కింద ఎంతసేపు పలికినా అది ఎప్పుడూ విన్నది కాదు. ఎడతెగకుండా పట్టి ఉంచినదానికి మొదలు ఒక్కసారే ఉంటుంది కదా. ఇన్నాళ్ళూ ఆ మొదలును మేము మాటల్లో, పుల్ల దోపే హడావిడిలో పోగొట్టుకున్నాం.

ముందొచ్చినదాన్ని కదా ఆ మిషను పంపిస్తుంది. అయితే ఆమెను పాతబడనివ్వకూడదు. ఇంకో వేలితో కింది షడ్జమం నొక్కి, అది అందుకున్నాక పైవేలు తీశాను. మళ్ళీ పైది నొక్కి కిందిది తీశాను. వదలడానికి వేలు రాలేదు మొదట. నొక్కిన ప్రతిసారీ ఆమె పెదాలు విప్పి, అప్పుడే వచ్చి కూర్చున్నట్టు "ఆ" అంటోంది. అన్న నన్ను చూసి తల ఊపాడు. రెండు చేతులూ వేశాడు, కాలు వైరు లేని పెడలు తొక్కుతోంది. ఆమె మళ్ళీ లేచి పోలేదు. వనజమ్మ తాళాలు తీసుకుంది.

ఎంతసేపు అట్లా కూర్చున్నానో తెలియదు. మోకాళ్ళు మొద్దుబారాయి.

తరువాతి బృందం మగవాళ్ళు. తుమ్మలపల్లె గనిలో పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా వచ్చారు. చెవుల వెనక ఇంకా తడి ఉంది. వాళ్ళ హార్మోనియం ఆయన మా పక్కన కూర్చుని చెవి ఒగ్గి విన్నాడు. తన మెట్లు ఒకటి రెండు తడిమి, గులాబ్‌బీ ఉన్న చోటే పట్టుకున్నాడు. రెండు శ్రుతులూ కలిసి నిలబడ్డాయి. నామం ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయింది. ఆయన నాకు తల ఊపాడు. ఇంక వదలొచ్చమ్మా అని.

నేను వదలలేదు. ఆయన ఇంకోసారి తల ఊపాడు. అన్న నా వైపు చూడకుండా పెట్టె సర్దడానికి దుప్పటి విప్పుతున్నాడు. ఆ హార్మోనియం లోపల ఆమె ఎక్కడుందో వెతుక్కుంటూ వేలిని కొంచెం కొంచెంగా పైకి రానిచ్చాను. ఎక్కడ ఆగిందో నాకు తెలియలేదు. శ్రుతి అట్లాగే ఉంది.

గుడి వాకిట్లో నీళ్ళు తాగుతుంటే గనిలో పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, దావలో వస్తాంటే వింటిమి. శ్రుతి పట్టినామె ఎవురు? ఈడ కనపడ్లే."

"గులాబ్‌బీ అని, మా వీధి మనిషి."

"పోయిందా అప్పుడే?"

"ఆమె వంతు అయిపోయిందప్పా" అన్నాను.

"శానా బాగా పట్టిందమ్మా" అని ఆయన చెప్పులు విడిచి లోపలికి పోయాడు.